విరిగిన కుర్చీతో బోణీ

మీరేం పని చేసేవాళ్ళు అని ఎవరైనా అడిగితే, తాళాలు తీసేదాన్ని, వేసేదాన్ని అని చెబుతాను. అంతకన్నా పెద్ద పని నేను చేయలేదు. చిత్తూరులో ఒక బెల్లం వ్యాపారి దగ్గర గోనెసంచులు కుట్టే పనిలో చేరాను. చివరికి ఆ గోదాము తాళాలగుత్తి నా కొంగుకే వేలాడేది. చదివింది మూడో తరగతి. నాలుగులో చేరిన మాట నిజమేగానీ, ఆ యేడు మా ఆవు ఈనింది, నేను బడికి పోవడం మానేశాను.

ఏదో ఒక వ్యాపారం పెట్టాలని సెల్‌ఫోనులో లెక్కలు వేసుకునే పిల్లలు ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను గెలిచిన సంగతులు రాస్తే మీకు ఆవులింతలు వస్తాయి. అందుకని, గోదాముల సంగతి నాకంటే తెలిసినవాళ్ళు లేరని విర్రవీగి బొక్కబోర్లా పడిన సంగతి రాస్తాను.

పని మానుకున్నాక నేను తిరుపతిలో కొడుకు ఇంటికి వచ్చాను. కొడుకు లారీ తోలుతాడు. ఇంట్లో ఉండేదానికంటే రోడ్డు మీద ఉండేదే ఎక్కువ. కోడలు డిగ్రీ చదివింది, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వాళ్ళ నాయన ఆవులు మేపి, పాలు పోసి, ఆ డబ్బుతో చంద్రగిరి దారిలో చిన్న స్థలం కొని కూతురి పేర రాసి ఇచ్చాడు. ఈ లోకంలో ఆమె పేరు మీద ఉన్నది అదొక్కటే. ఆదివారం ఆదివారం పోయి ఆ స్థలంలో మొలిచిన సర్కారు కంప పీకి వస్తుంది. అక్కడ ఇల్లు లేదు, గోడ లేదు. అయినా వచ్చేటప్పుడు ఆమె ముఖం చూస్తే పుట్టింటికి పోయి వచ్చినట్టు ఉంటుంది.

ఒకరోజు మిషన్ తొక్కుతూనే నన్ను పిలిచింది.

"అత్తా, బెంగళూరులో గదులు గదులుగా కట్టి బాడుగకు ఇస్తా ఉండారంట. మనుషులకు కాదు, సామాన్లకు."

"సామాన్లకు బాడుగ ఇల్లా? ఇంగ వాటికి రేషన్‌కార్డు గూడా ఇస్తారేమో."

"నవ్వొద్దత్తా. ఈ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు జాకెట్లు కుట్టించుకునేదానికి వస్తారు గదా, ఎవుర్ని కదిలించినా ఇంట్లో స్థలం లేదనే మాటే. నా స్థలంలో రేకుల షెడ్డు వేసి, లోపల గదులు కట్టి ఇస్తే?"

నేను ఇంకా నవ్వేదాన్నే. కానీ వెంటనే ఒక మాట అంది.

"గోదాము సంగతి ఈ ఊర్లో నీకంటే ఎవురికి తెలుసు?"

అంతే. నవ్వు ఆగిపోయింది. పొగడ్తకు పైసా ఖర్చు లేదు కాబట్టి, అది ఎంత ఇచ్చినా తీసుకునే అలవాటు నాకుంది.

షెడ్డుకు అప్పు కావాలి. అప్పుకు ఆ స్థలం తాకట్టు పెట్టాలి. కోడలు బ్యాంకుకు పోతే అక్కడి మేనేజరు, "ఆలోచన బాగానే ఉందమ్మా. కానీ జనం వస్తారని ఏమిటి నమ్మకం? వ్యాపారం నడవకపోతే స్థలం పోతుంది. ముందు నలుగురినీ కనుక్కోండి" అన్నాడట. మంచి మాటే చెప్పాడు. కనుక్కునే పనికి కోడలు నన్ను పెట్టింది. జీతం లేదు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం మజ్జిగ. బస్సు చార్జీ ఇస్తానంది. నేను నడిచే పోయాను, చార్జీ మాత్రం తీసుకున్నాను.

కనుక్కోవడం అంటే ఏమిటో మీకు చెప్పాలి. ఇప్పటి పిల్లలు దీన్ని సర్వే అంటారు. నా సర్వే ఎలా ఉండేదంటే, ఇంటి ముందు నిలబడి కొంగు నడుముకు దోపి, "సామాన్లు పెట్టుకునే గోదాము పెడతా ఉండాము. నువ్వు పెడతావా, పెట్టవా?" అని అడిగేదాన్ని. గోదాములో నేను కనబడితే హమాలీలు బీడీలు ఆర్పేవాళ్ళు. ఆ గొంతు, ఆ చూపు పని మానుకున్నా నన్ను వదల్లేదు. జనానికి ఏ సమాధానం ఇవ్వాలో ప్రశ్నలోనే వినిపించేది.

మొదట షామియానాలు, కుర్చీలు బాడుగకిచ్చే ఆయన దగ్గరికి పోయాను. అప్పుడు ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు. ఆయన సామానంతా వీధి సగం దాకా పరుచుకుని ఉంది.

"పెట్టకుండా యాడికి పోతానక్కా!" అన్నాడు. "నువ్వు కాపలా ఉంటావంటే నా పెండ్లాం నగలు గూడా తెచ్చి పెడతా. కాఫీ తాగుతావా?"

ఆ పక్కనే పెళ్ళిళ్ళకు వంటలు చేసే మేస్త్రి ఇల్లు. మేస్త్రి లేడు, ఆయన పెండ్లాం ఉంది.

"వంట గుండాలు, గంగాళాలు కాళ్ళకు తగల్తా ఉండాయి పెద్దమ్మా. నువ్వు ఎప్పుడు తెరుస్తావో చెప్పు, ఆ పొద్దే పంపిస్తా. కాఫీ తాగి పో."

అపార్ట్‌మెంట్లలోనూ అదే మాట, అదే కాఫీ. లేదన్నవాళ్ళు ఒక్కరు లేరు. అందరూ కాఫీ తాగమంటున్నారంటే నా మీద ఎంత గౌరవమో అనుకున్నాను. కాఫీ తాగితే లేచి నా దారిన పోతానని అడిగారని తెలియడానికి చాలాకాలం పట్టింది.

మా గోదాములో కాటా పట్టిన ఆయన ఒకడు ఉన్నాడు. తూకాలు చూసేవాడు. ఇప్పుడు ఆయన కూడా తిరుపతిలోనే కూతురి ఇంట్లో ఉంటున్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, నోరు మాత్రం నాకంటే పెద్దది. నా సర్వే సంగతి చెబితే పకపకా నవ్వాడు.

"నిన్ను సూసి లేదనే దానికి హమాలీలకే ధైర్యం లేకపాయె. ఈ షామియానా నాయాలికి యాడ నుంచి వస్తాదక్కా?"

"గమ్మునుండబ్బా. నీకు కుళ్ళు."

"కుళ్ళేందుకు? మన గోదాములో ఏమనేవాళ్ళం? రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అని రైతు ఎంత చెప్పినా, బెల్లం కాటా ఎక్కిందాకా లెక్కలోకి ఎత్తుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు నువ్వు నోటిమాటలు తూకం వేసుకుంటా తిరగతా ఉండావు."

మాట నిజమే. ముప్పై ఏళ్ళు నేను నడిపిన పద్ధతే అది. ఇంటికి వచ్చి ఆ మాట నా సొంత తెలివి అన్నట్టు కోడలికి చెప్పాను. స్థలం జోలికి పోకముందే ఒక నెల చిన్నగా నడిపి చూద్దాం, వస్తే నిజంగా సామాను వస్తుంది, రాకపోతే లేదు అన్నాను. కోడలు మెచ్చుకుంది. అదీ తీసుకున్నాను.

మా పాత యజమాని చుట్టాలకు ఊరి చివర మూతపడిన చెనక్కాయల నూనె మిల్లు ఉంది. ఊడ్చి సున్నం కొట్టిస్తే నెల రోజులు ఊరికే వాడుకోమన్నారు. ఊడ్చింది నేనే, సున్నం కొట్టింది కాటా ఆయనే, కాబట్టి కూలి మిగిలింది. పాత గోనెసంచులు విప్పి కుట్టి తెరలు చేశాను. తాళ్ళు కట్టి ఆ తెరలు వేలాడదీస్తే గదులు గదులుగా తయారైంది. కోడలు గులాబీ రంగు బోర్డు రాయించింది. కాటా ఆయనకు కాపలా పని, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి.

ఇక్కడే కోడలికీ నాకూ మాట తేడా వచ్చింది.

"అత్తా, కొంచెమన్నా బాడుగ తీసుకుందాం. ఊరికే ఇస్తే ఎవురికి నిజంగా కావల్లో మనకెట్ల తెలిసేది?"

"మొదటి నెల ఊరికే. అంగడి తెరిచిన పొద్దే చెయ్యి చాపితే ఎవురు వస్తారు?"

"బేరం తెలిసిన దానివి, నువ్వేనా ఈ మాట అనేది?"

నేనే అన్నాను. ఎందుకన్నానంటే, ఊరికే వస్తుందంటే నేను ఎంత దూరమైనా నడుస్తాను. పెళ్ళిలో తాంబూలం సంచి ఇస్తారంటే చివరిదాకా కూర్చుంటాను. అందరూ నాలాంటి వాళ్ళే అనుకున్నాను. ఆ లెక్క తప్పలేదు. అందరూ అచ్చం నాలాంటి వాళ్ళే. మునిగింది అందువల్లే.

కొడుక్కి ఫోను చేసి తీర్పు చెప్పమంటే, "నేను ఘాట్ రోడ్డులో ఉండానమ్మా" అని పెట్టేశాడు. ఆ పొద్దు వాడు నెల్లూరులో ఉన్నాడని తరువాత తెలిసింది. చివరికి నా మాటే నెగ్గి, మొదటి నెల ఊరికే అని బోర్డు మీదికి ఎక్కింది.

తెరిచిన రోజు కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం. ఎవరూ రాలేదు. కోడలు మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది. కాటా ఆయన టెంకాయ చిప్ప నాకుతున్నాడు. ఎండ బాగా ఎక్కాక షామియానా ఆయన ట్రాలీ ఆటో వచ్చింది. నా ప్రాణం లేచి వచ్చింది.

ఆటో నిండా కుర్చీలు. దగ్గరికి పోయి చూస్తే ఒకదానికి కాలు లేదు, ఒకదానికి వీపు లేదు, ఇంకొకదానికి కూర్చునే చోటే లేదు.

"అక్కా, ఇవి కుర్చీలు కాదు, కుర్చీల శవాలు" అన్నాడు కాటా ఆయన.

ఆటో తోలే ఆయనతో, "ఇవి వద్దు, మంచివి తెమ్మని చెప్పు" అనబోయాను. అంతలో నాలుక కరుచుకున్నాను. ఇది బోణీ. మొదటి బేరం. బోణీ బేరాన్ని వెనక్కి పంపే వ్యాపారి మా వైపు ఎవరూ ఉండరు. పొద్దున్నే ఒక్క నిమ్మకాయ అడిగినా కాదనకుండా ఇస్తారు. బోణీ తిప్పి పంపితే ఆ అంగడి ఇక లేవదని భయం. మా యజమాని కూడా బోణీకి వచ్చిన బెల్లం కారిపోతున్నా లోపలికి తోలించేవాడు.

"దించు నాయనా" అన్నాను. కాలు లేని కుర్చీకి పసుపు పూసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చాను. కోడలు తల పక్కకు తిప్పుకుంది. కాటా ఆయన మాత్రం రెండు చేతులెత్తి కుర్చీకి దండం పెట్టాడు.

ఒకరివి తీసుకున్నాక ఇంకొకరివి వద్దని ఎలా అంటాం? మేస్త్రి పెండ్లాం పగిలిన రుబ్బురోలు, అడుగు పోయిన గంగాళం పంపింది. ఆ తరువాత వీధులు వీధులే కదిలాయి. ఒక ఇంటి నుంచి పలకని టీవీ, దాని మీద కప్పిన అల్లిక గుడ్డతో సహా వచ్చింది. ఇంకో ఇంటి నుంచి మనిషి నిలబడి పరుగెత్తే మిషను, దాని మీద ఆరేసిన తువ్వాలుతో సహా వచ్చింది. తలుపు లేని బీరువా, బీరువా లేని తలుపు, ఓడిపోయిన ఎవరో కౌన్సిలర్ అభ్యర్థి నిలువెత్తు బోర్డు. ఆ బోర్డును కాటా ఆయన గుమ్మం పక్కన నిలబెట్టి, "మనకు ఇంకొక కాపలా దొరికినాడు" అన్నాడు.

వారం తిరిగేసరికి మిల్లు నిండిపోయింది. నిండింది. ఆ మాట ఎంత బాగుందో! తాళాలగుత్తి మళ్ళీ నా కొంగుకు వచ్చింది. ఆలస్యంగా వచ్చిన వాళ్ళను, "ఇంతసేపు ఏం చేస్తా ఉంటిరి? స్థలం లేదు పొండి" అని కసిరాను కూడా. కొత్త గోనెసంచులు తెచ్చి ఇంకొన్ని తెరలు కుడదామని కోడలికి చెప్పాను. ఆమె సంతోషం చూడాలి. మిషన్ దగ్గర కూర్చుని పాత జాకెట్టు గుడ్డ మీద సుద్దతో షెడ్డు బొమ్మ గీసుకుంది. తలుపులు యాడ రావల్ల, కిటికీలు యాడ రావల్ల, అన్నీ గీసింది. చివర్లో గేటు పక్కన చిన్న గది గీసి, "ఇది నీకత్తా, కూర్చునేదానికి" అంది.

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిందట. ఉన్న హాస్టలు ఖాళీ చేయమన్నారు, కొత్త గది దొరికేలోపు ఊరికి పోయి రావాలి. ఒక ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు తెచ్చింది. అందరిలా దించేసి పోకుండా లోపలంతా తిరిగింది.

"ఎలకలున్నాయా అండి?"

"ఈడుండేది నేను. ఎలకలకు ధైర్యం లేదు."

"వాన పడితే ఈ మూల కారుతుందా? తాళం ఎవరి దగ్గర ఉంటుందండి? మీరు లేనప్పుడు ఎవరు తీస్తారు? రాసి ఇస్తారా?"

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఇంతమంది సామాను పెట్టారు, ఒక్కరు ఇలా అడగలేదు. "ఇంత అనుమానముంటే నెత్తిన పెట్టుకొని పో" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. కోడలు లేచి వచ్చి సర్దిచెప్పి, కారని మూలలో చెక్కల మీద ఆ పెట్టె పెట్టించింది. ఆ అమ్మాయి తాళం రెండుసార్లు లాగి చూసి, ఫోనులో ఫోటో తీసుకుని, "వచ్చే నెల మొదటి సోమవారం వస్తానండి" అని చెప్పి వెళ్ళింది.

"సూస్తివా ఆ పొగరు?" అన్నాను కోడలితో.

"పొగరు కాదత్తా" అంది కోడలు.  ఎందుకు కాదో చెప్పినా నేను వినే స్థితిలో లేను.

మిల్లు నిండిన సంగతి తెలిసి మేనేజరు స్వయంగా చూడడానికి వస్తానన్నాడు. వచ్చాడు. కోడలు పట్టుచీర కట్టుకుంది. నేను ఉతికిన చీరే కట్టుకున్నా, తాళాలగుత్తి మాత్రం చింతపండుతో తోమాను. మా పాత యజమాని మదరాసు సేట్లను గోదాములో తిప్పినట్టు, నేను ఆయన్ను తెర తెరకూ తిప్పాను.

"ఇంత డిమాండు ఉందని నేను అనుకోలేదమ్మా" అన్నాడు మేనేజరు.

"మేమంటే నమ్మకం సార్. మనుషుల్ని సూసి పెడతారు సరుకు" అన్నాను. ఆ మాట చెబుతున్నప్పుడు కాలు లేని కుర్చీ మీద నేను పెట్టిన కుంకుమ ఇంకా ఎర్రగా కనబడుతోంది. నాకు సిగ్గు రాలేదు.

ఒక డ్రమ్ము మీద కాగితాలు పరిచాడు. స్థలం తాకట్టుకు ఒప్పుకుంటూ కోడలు సంతకం చేయాలి. ఆమె పెన్ను తీసుకుంది. మూత తీసింది. వాళ్ళ నాయన ఆవుల వెంట తిరిగిన స్థలం అది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. నర్సు అమ్మాయి దిగింది. నాకు నమస్కారం పెట్టి, నేరుగా మూలకు పోయి, పెట్టె తెరిచి, లోపల చెయ్యి పెట్టి చూసుకుని, మళ్ళీ మూసింది.

"చాలా థాంక్సండి. ఎంత ఇవ్వమంటారు?"

"ఊరికేనమ్మా, బోర్డు సూళ్ళేదా?"

"ఊరికే ఏమిటండి? ఇన్ని రోజులు చూసుకున్నారు" అని నా చేతిలో నోట్లు పెట్టింది. "మా హాస్టల్లో వాళ్ళు అడుగుతున్నారండి. సెలవలకి ఊరెళ్తే గది ఖాళీ చెయ్యాలి, సామానెక్కడ పెట్టాలో తెలీదు. ఈ ఊళ్ళో మాకు చుట్టాలెవరూ లేరు కదండీ."

పెట్టె, పరుపు ఎక్కించుకుని ఆటో కదిలిపోయింది. కోడలు ఆ ఆటో వైపు, తరువాత మిల్లులోని సామాను వైపు చూసింది. పెన్ను మూత పెట్టింది.

"ఒక్క నిమిషం సార్" అని ఫోను తీసి షామియానా ఆయనకు చేసింది. మాట బయటికి వినిపించేలా పెట్టింది.

"అన్నా, రేపు వచ్చి నీ కుర్చీలు తీసుకొని పో. లేకపోతే రేపటి నుంచి బాడుగ."

"కుర్చీలా? యా కుర్చీలు మ్మా? ఓ, అవా! మీ కాడే ఉంచుకోండి. నేనేం చేసుకోవల్ల వాటిని?"

తరువాత మేస్త్రి పెండ్లాం.

"రుబ్బురోలు వెనక్కి వద్దు తల్లీ! పగిలిన రోలు ఇంట్లో ఉంటే మంచిది కాదంట. పారేసేదానికి మనసు రాకపాయె. అందుకే మీ అత్తకు ఇస్తిని."

కాటా ఆయన పైకండువా నోట్లో కుక్కుకున్నాడు. మేనేజరు ముందర నా పరువు పోతోంది. పోయేది ఆపడానికి ఎంత తెలివి చూపించానో వినండి.

"ఫోన్లో అట్లనే అంటార్లే. నువ్వు సంతకం పెట్టు మే. సారు పని మానుకొని వచ్చినాడు" అన్నాను.

అవును. నా కోడలికి ఉన్న ఒక్క ఆస్తి పోయేదానికి నేనే తోశాను, ఒక మనిషి దండగ్గా ఎండలో వచ్చాడన్న మొహమాటంతో.

కోడలు నా మీద అరవలేదు. మెల్లిగా అడిగింది.

"అత్తా, మీ బెల్లం గోదాములో సరుకు పెట్టినోళ్ళు దాని కోసం తిరిగి రాకుండా ఎప్పుడన్నా ఉండారా?"

"యాల రారు? ధర పెరిగిందని తెలిస్తే తలుపు తీయకముందే వాకిట్లో ఉంటారు."

"ఈడ నెల రోజుల్లో తిరిగి వచ్చింది ఎవురు?"

నా చెయ్యి చూసుకున్నాను. అందులో నర్సు అమ్మాయి పెట్టిన నోట్లు ఉన్నాయి.  పెట్టిపోయే మనుషుల్ని చూసి నేను గోదాము నిండిందనుకున్నాను. తీసుకుపోవడానికి వచ్చే మనిషి ఉంటేనే అది గోదాము. లేకపోతే అది ఊరి పెంట. ఎలుకల గురించి అడిగిన ఒక్క పిల్లకే తన సామాను మీద ప్రేమ ఉంది. నేను ఆ పిల్లనే తరిమేయబోయాను.

"ఇప్పుడు వద్దు సార్" అని కోడలు కాగితాలు మడిచి మేనేజరు చేతికి ఇచ్చింది. ఆయన మంచివాడు, విసుక్కోలేదు. మజ్జిగ తాగాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"పెద్దమ్మా, మా ఇంట్లో పాత వాషింగ్ మిషను ఒకటుంది. తిరగదు. మీ దగ్గర ఏదైనా మూల ఉంటే... మొదటి నెల ఊరికేనే కదా?"

కాటా ఆయన ఇక ఆపుకోలేక మిల్లు వెనక్కి పరుగెత్తాడు. ఆ నవ్వు రోడ్డు దాకా వినిపించింది.

తరువాత సంగతి నవ్వులాట కాదు. నెల నిండింది, మిల్లు ఖాళీ చేసి ఇవ్వాలి. ఎవరికి ఫోను చేసినా ఎత్తరు. నన్ను చూసి లేదనలేక సామాను పంపిన వాళ్ళు, ఇప్పుడు నన్ను చూసి తలుపు వేసుకున్నారు. పాత సామాన్లు కొనే ఆయన్ని పిలిస్తే, "సగానికి నాకు మీరే ఎదురు ఇయ్యల్ల" అన్నాడు. నా జీవితంలో చెత్త తీసుకుపోవడానికి ఎదురు డబ్బు ఇచ్చింది అప్పుడే. ఇచ్చింది కోడలు. నేను చూడలేక అటు తిరిగాను.

బండి కదిలే సమయానికి షామియానా ఆయన ఆ దారినే స్కూటరు మీద పోతున్నాడు. బండి మీద తన కుర్చీలు చూసి బ్రేకు వేశాడు.

"అక్కా! నమ్మి పెడితే నా కుర్చీలు అమ్ముకుంటివా?"

"దించుతా, తీసుకొని పో నాయనా."

ఆయన కుర్చీల వైపు చూశాడు, స్కూటరు వైపు చూశాడు. "ఇప్పుడు ట్రాలీ లేదు గదక్కా. పో, నీ పాపాన నువ్వే పోతావు" అని శపించి వెళ్ళిపోయాడు. ఆయన గొంతులో ఎంత హాయి ఉందో చెప్పలేను.

రుబ్బురోలు మాత్రం బండివాడు కూడా ఎత్తలేదు. ఇప్పుడది మా ఇంటి బయట, గోడ వారన ఉంది. పగిలిన రోలు ఇంట్లోకి రానివ్వనని కోడలు అంది. డిగ్రీ చదివినా కొన్ని విషయాల్లో మంచి పద్ధతిగల పిల్ల.

స్థలం అలాగే ఉంది. ఈ యేడు వానలకు కంప బాగా పెరిగింది. ఆదివారం ఇద్దరం పోయి పీకుతున్నాం. కోడలు ఆస్పత్రి వైపు ఒక పూట తిరిగి వచ్చింది. సర్వే చేయలేదు. హాస్టళ్ళ వాకిట్లో కూర్చుని, ఊళ్ళో చుట్టాలు లేని పిల్లలతో మాట్లాడి వచ్చిందంతే. దసరా సెలవలకు ట్రంకు పెట్టెలు వస్తాయని తేలింది. షెడ్డు అక్కరలేదు, అప్పు అక్కరలేదు, ఒక గది చాలు అంది.

"యా గది?" అని అడిగాను.

కోడలు నా మంచం వైపు చూసింది. కారదు, ఎలుకలు లేవు, గట్టి తాళముంది. మా ఇంట్లో అంత మంచి గది ఇంకొకటి లేదు. నేనుండే చోట ఎలుకలు ఎందుకు ఉండవో ఆ నర్సు అమ్మాయికి నేనే చెప్పాను కదా.

ఇప్పుడు నా గదిలో పై కప్పు దాకా పెట్టెలు. ప్రతి పెట్టె మీదా పేరు, ఎప్పుడు తీసుకుపోతారో ఆ నెల. బాడుగ ముందే ఇస్తారు, ఎలుకల గురించి అడుగుతారు, నేను కసరకుండా సమాధానం చెబుతాను. నా మంచం హాల్లోకి వచ్చింది, కోడలి కుట్టుమిషనుకూ కిటికీకీ మధ్య. మొన్న కాటా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి నన్నూ, నా మంచాన్నీ, మంచం కింద నా పెట్టెనూ తేరిపార చూశాడు.

"ఏమక్కా, నిన్ను గూడా ఈడ పెట్టి పోయినారా?"

"అవునబ్బా. ఎవురన్నా వచ్చి తీసుకొని పోతారేమోనని సూస్తా ఉండా."

వంటింట్లోంచి కోడలి గొంతు వచ్చింది.

"ఆ సరుకు ఎవురికీ ఇచ్చేది లేదు పెద్దాయనా. సంగటి కెలికేదానికి నాకు మనిషి కావల్ల. అత్తా, లేచి దా, నీళ్ళు కాగతా ఉండాయి."